జపాన్ కత్తులకు నిమ్మకాయలు

మా అమ్మాయికి ఐదు కత్తులున్నాయి. ఐదూ జపాన్ తరహావి. వాటితో ఉల్లిపాయ కోస్తే, తనను కోసేశారన్న సంగతి ఉల్లిపాయకి తెలియడానికి కాస్త సమయం పడుతుంది. ఆ లోపల మనం బాణలి పెట్టి, నూనె కాగబెట్టి, పోపు కూడా వేసేసుకోవచ్చు. ఈ మాట నేను ఆటోనగర్‌లో మా స్పేర్‌పార్ట్స్ షాపు ముందు టీ తాగుతూ చాలామందికి చెప్పాను. నమ్మినవాళ్లు తక్కువే. నమ్మనివాళ్లు మాత్రం మర్నాడు ఇంకొకణ్ణి వెంటబెట్టుకొచ్చి మళ్లీ చెప్పించుకునేవారు.

ఒక్కో కత్తి ఒక్కో పనికి. పొడుగ్గా, సన్నగా, వెదురాకులా ఉండేది పచ్చి చేపని పొరలు పొరలుగా తీయడానికి. పలకలా, మొన లేకుండా ఉండేది కూరగాయలకి. వీపు మందంగా, బరువుగా ఉండేది చేప తలా ముల్లూ కొట్టడానికి. అరచేతిలో ఇమిడిపోయే చిన్నది అల్లం, వెల్లుల్లి లాంటి చిల్లర పనులకి. ఐదోది దేనికైనా పనికొస్తుంది. వీటికి జపాన్ పేర్లున్నాయి గానీ నాకు నోరు తిరగలేదు. అందుకని నేనే పేర్లు పెట్టాను. పొడుగుది కలెక్టరు, పలక టీచరు, బరువుది పోలీసు, చిన్నది గుమాస్తా. అన్ని పనులూ చేసే ఐదోదానికి మా ఆవిడ పేరు పెట్టాను. ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు.

అమ్మాయి ఊళ్లో ఒక పెద్ద హోటలు వంటింట్లో పనిచేస్తుంది. కత్తులు తన జీతంతో కొనుక్కుంది. కొన్నరోజే నన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పింది. ఇది మన ఇంట్లో గిన్నెల స్టీలు కాదు, తుప్పు పట్టే ఇనుము. పదును అందుకే అంత బాగా నిలుస్తుంది. కోసిన వెంటనే పొడిగుడ్డతో తుడవాలి. తడి ఉంచకూడదు. పులుపు అసలే తగలకూడదు. తను టమాటా కోస్తే, రెండు ముక్కలకొకసారి కత్తి తుడిచేది. చంటిపిల్ల మూతి తుడిచినట్టు తుడిచేది.

మా ఆవిడకి ఈ పాఠం ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి వీల్లేని పరిస్థితి. కూతురు వంటమనిషి అయిందన్న మాట ఆవిడ నోటితో అనడానికే ఇష్టపడేది కాదు. "అమ్మాయి ఏం చేస్తోందండీ?" అని ఎవరైనా అడిగితే, "హోటల్లో ఉద్యోగం" అని అక్కడితో ఆపేసేది. వినేవాళ్లు కోటు వేసుకుని రిసెప్షన్ దగ్గర నిలబడ్డ పిల్లని ఊహించుకునేవాళ్లు. ఆవిడ ఆ ఊహని చెడగొట్టేది కాదు. ఉయ్యూరు దగ్గర చెరకు పండించుకునే కుటుంబం వాళ్లది. పెళ్లిళ్లకి వంటవాళ్లని పిలిపించుకున్నవాళ్లే గానీ వంటకి వెళ్లినవాళ్లు లేరు.

కత్తులు ఇంటికొచ్చిన కొత్తలో ఆవిడ, "ఉన్న కత్తిపీట చాలదా? ఇవెందుకు?" అని మొహం మాడ్చుకుంటే, ఆవిణ్ణి మెత్తబరచడానికి నేనొక కథ చెప్పాను. జపాన్ దగ్గర సముద్రంలో వందల ఏళ్ల కింద మునిగిన ఓడలో ఇలాంటి కత్తి ఒకటి దొరికిందని, వెలికితీస్తే మెరుపు పోలేదని, తీసేముందు ఒక చేప దాని మీదుగా ఈదబోయి రెండు చేపలైందని చెప్పాను. ఆవిడ నవ్వింది. చేప సంగతి నమ్మలేదట. మెరుపు సంగతి నమ్మిందని నాకు పోయిన దసరాకి తెలిసింది.

ఆ దసరాకి ముందు హోటల్లో కొత్త విభాగం ఒకటి పెడుతున్నారని అమ్మాయి చెప్పింది. పచ్చి చేప, అన్నం చుట్టలు, కూరగాయల చెక్కుళ్లు, అంతా జపాన్ తిండి. అందులోకి వంటింట్లోవాళ్లని కొద్దిమందినే తీసుకుంటారు. విజయదశమి రోజు పదకొండు గంటలకి పెద్ద చెఫ్ ముందు కోసి చూపించాలి. ఎవరి కత్తులు వాళ్లు తెచ్చుకోవచ్చు. అప్పటిదాకా మా అమ్మాయి పని బస్తాలకొద్దీ ఉల్లిపాయలు గ్రేవీకి తరగడం. "ఇది పోతే నేను ఇంక ఉల్లిపాయల్లోనే ముసలిదాన్నవుతాను నాన్నా," అంది.

మహర్నవమి పొద్దున్నే డ్యూటీకి వెళ్తూ, పదును పెట్టి గుడ్డలో చుట్టిన కత్తుల్ని ఫ్రిజ్ మీద పెట్టింది.

"నాన్నా, రేపటిదాకా వీటిని ఎవరూ ముట్టుకోకూడదు. అమ్మ కొబ్బరికాయ కొట్టడానికి పోలీసుని తీసుకుంటుందేమో, చూస్తూ ఉండు."

"నేనున్నానుగా," అన్నాను.

ఉన్నాను. పది గంటల వరకు లేను. మా షాపులో ఆయుధపూజ. స్పానర్లు, జాకీలు, బిల్లింగు కంప్యూటరు అన్నిటికీ బొట్లు పెట్టి, గుమ్మడికాయ పగలగొట్టి ఇంటికొచ్చేసరికి ఇక్కడ కూడా పూజ అయిపోయింది. హాల్లో ఎర్రగుడ్డ పరిచిన పీట. దాని మీద ఏటా ఉండేవే. మా ఆవిడ కుట్టుమిషను కత్తెర, నా టూల్‌బాక్సు, స్కూటరు తాళాలు, కత్తిపీట. వాటి ముందు, వాటికి ఆనించి నిలబెట్టి, వరసగా కలెక్టరు, టీచరు, పోలీసు, గుమాస్తా, ఐదోది. గంధం, కుంకుమ, బంతిపూలు. టీచరుకి మొన లేదు కాబట్టి పూలదండ ఒకటి చుట్టింది. మిగిలిన నాలుగింటి మొనలకి నాలుగు నిమ్మకాయలు, అమ్మవారి త్రిశూలానికి గుచ్చినట్టు గుచ్చి ఉన్నాయి.

నా నోట్లో మాట ఆగిపోయింది. నన్ను ఎరిగినవాళ్లకి అది ఎంత అరుదో తెలుసు.

"ఎలా ఉన్నాయి?" అంది ఆవిడ. పట్టుచీర కట్టుకుని, మొహం వెలిగిపోతోంది. "చింతపండు పెట్టి తోమాను. ఇత్తడి చెంబుల్లా తళతళలాడుతున్నాయి చూడండి."

"చింతపండా!"

"మరి? పూజకి పెడుతూ తోమకుండా పెడతామా?"

"నిమ్మకాయలు తీసేద్దామా?"

"అదేంటండీ, పూజ అయ్యాక ముట్టుకుంటారా ఎవరైనా? రేప్పొద్దున ఉద్వాసన చెప్పాకే."

అప్పుడు నేను నిజం చెప్పాను. ఈ ఇనుము వేరు, పులుపు తగిలితే నల్లబడుతుంది, తుప్పు పడుతుంది, పదును పోతుంది, రేపు పిల్లకి పరీక్ష అని ఒక్క ముక్క కల్పించకుండా చెప్పాను. జీవితంలో ఇంత శుభ్రంగా ఎప్పుడూ మాట్లాడలేదు.

ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని విన్నది.

"కత్తిపీట ముప్ఫై ఏళ్లనుంచి రోజూ మామిడికాయ, చింతకాయ, దోసకాయ కోస్తోంది. అరిగింది గానీ అరిచిందా? మీరే కదా చెప్పారు, ఇవి సముద్రంలో వందల ఏళ్లున్నా మెరుపు పోదని?"

"అది... ఓడ..."

"సముద్రానికి చెక్కు చెదరనిది నా నిమ్మకాయకి పోతుందా? మీ కథలు షాపులో చెప్పుకోండి."

అని వంటింట్లోకి వెళ్తూ, గుమ్మం దగ్గర ఆగి, నా వైపు చూడకుండా అంది. "ఏటా మీ స్పానర్లు పెడుతున్నాను, నా కత్తెర పెడుతున్నాను. దానివి ఒక్కసారి కూడా పెట్టలేదు. పోయినేడు అది పీట వైపు చూసి ఊరుకుంది, నేను గమనించలేదనుకుంది. ఎన్నాళ్లని దాస్తామండీ? అదీ పనిచేసుకునే పిల్లేగా."

ఆ మాటతో నేను ఇరుక్కుపోయాను. కత్తుల్ని తీసి తుడిచేస్తే పిల్ల పరీక్ష దక్కుతుంది. కానీ కూతురు వంటలో చేరినప్పటినుంచి రెండేళ్లుగా బిగుసుకున్న మనిషి ఇవాళ తనంతట తాను ఒక అడుగు వేస్తే, ఆ అడుగు కింద పీట నేనే లాగేసినట్టవుతుంది. తీయకపోతే నిమ్మకాయ తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. అమ్మాయికి ఫోను చేశాను. వంటింట్లో ఫోన్లు లాకర్లో పెట్టిస్తారు. మోగి మోగి ఆగింది.

బయటికి పోదామన్నా దారి లేదు. అమ్మవారి దర్శనానికి కొండకి వెళ్లే జనంతో రోడ్లన్నీ బారికేడ్లు. అయినా ఎక్కడికి పోతాను? కాపలా కాయమన్నది నన్నే. పట్టుపంచె కట్టుకుని, పీటకి ఎదురుగా కుర్చీ వేసుకుని, నాలుగు నిమ్మకాయల్ని చూస్తూ కూర్చున్నాను. నిమ్మకాయ ఎంత నిదానంగా కారుతుందో ఆ రోజు చూశాను. మొన దగ్గర ఒక చుక్క ఊరుతుంది. నిలబడి ఆలోచిస్తుంది. తర్వాత తీరిగ్గా పదును వెంట దిగుతుంది. దిగిన దారంతా బూడిదరంగు.

ఆవిడ వంటింట్లో గారెలు వేస్తుండగా లేచి, పంచె చెంగుతో గుమాస్తాని తుడవబోయాను. "ఏవండీ, నూనె డబ్బా అందుకోండి" అని కేక. ఆవిడ కళ్లు వంటింట్లోనే ఉన్నా చెవులు హాల్లో తిరుగుతుంటాయి. కనీసం ఆరతాయి కదా అని ఫ్యాను వేశాను. దీపం కొండెక్కింది. ఆవిడ గరిటెతో సహా వచ్చి, ఏమీ అనకుండా ఫ్యాను ఆపి, దీపం వెలిగించి, లెంపలేసుకుని, నా వైపు ఒక చూపు చూసి వెళ్లింది. తర్వాత ఉక్కపోతలో, పట్టుపంచెలో, గారెల పొగలో అలాగే కూర్చున్నాను. మధ్యాహ్నమంతా కదిలింది నా చెమటా, ఆ నిమ్మరసమూ మాత్రమే.

సాయంత్రం పేరంటానికి అపార్ట్‌మెంటు ఆడవాళ్లు వచ్చారు. ముందు వచ్చింది మూడో అంతస్తు పిన్నిగారు. లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆవిడ కళ్ల నుంచి ఏదీ తప్పించుకోదు.

"ఇవేం కత్తులండీ, ఇంతింత ఉన్నాయి! ఎవరివి?"

మా ఆవిడ పసుపు రాస్తూ ఆగింది. ఇన్నేళ్ల అలవాటు కొద్దీ, ఇబ్బందిలో ఉన్న ఆవిణ్ణి దాటించడం నా పని అనుకున్నాను. గొంతు సవరించుకున్నాను.

"జపాన్‌వండీ పిన్నిగారూ. మా షాపుకి జపాన్ గేర్‌బాక్సుల పార్సెలొస్తే అందులో పొరపాటున వచ్చాయి. వాళ్ల రాజుగారి వంటింటివట. తిరిగి పంపుదామంటే..."

"మా అమ్మాయివండీ," అంది మా ఆవిడ.

పసుపు గిన్నె కింద పెట్టి, పీట వైపు తిరిగింది.

"హోటల్లో వంట చేస్తుంది. ఆఫీసు పని కాదు. వంటే. ఇవి దాని పనిముట్లు. రేపు పెద్ద పరీక్ష ఉంది, అందుకని అమ్మవారి దగ్గర పెట్టాను."

పిన్నిగారు కళ్లజోడు సర్దుకున్నారు. "హోటల్లో వంటా?" అని ఎవరో వెనక నుంచి అన్నారు. మా ఆవిడ మెడ నిలువుగానే ఉంది. పసుపు గిన్నె మళ్లీ అందుకుని, పక్కావిడ పాదాలకి రాయసాగింది. నేను ఆ గిన్నెనే చూస్తున్నాను.

"మంచిదమ్మా," అన్నారు పిన్నిగారు. "మా కోడలికి నీళ్లు కాచడం రాదు. మీ అమ్మాయి ఒకరోజు వచ్చి నేర్పుతుందేమో అడుగు." అందరూ నవ్వారు. మా ఆవిడ కూడా నవ్వింది. నాకు ఊపిరి ఆడింది. అంతలోనే పిన్నిగారు వంగి చూశారు.

"ఇదేంటి, నిమ్మకాయ దగ్గర నల్లగా అయింది? ఏం బాబూ, తుప్పా?"

మా ఆవిడ నా వైపు చూసింది. నేను పొద్దున చెప్పిందే ఇప్పుడు చెప్పచ్చు. ఇంతమందిలో ఇప్పుడు నమ్ముతుంది కూడా. కానీ ఇంతమందిలో, కూతురి సంగతి తలెత్తుకుని చెప్పిన ఘడియలోనే, నీ పూజే దాని కత్తుల్ని పాడుచేసిందని ఎలా చెప్పను? నిజం గొంతులో అడ్డంపడింది. అబద్ధం మాత్రం జారుకుంటూ బయటికొచ్చింది.

"తుప్పు కాదండీ. దిష్టి. పిల్లకి తగిలిన దిష్టంతా ఇనుము లాక్కుంటోంది."

అనకూడని మాట అది. అందరూ లేచారు. "పాపం ఎంత దిష్టి తగిలిందో!" అంటూ ఒకావిడ కలెక్టరు మీద పసుపునీళ్లు చిలకరించింది. ఇంకొకావిడ పోలీసుకి తడి కుంకుమ మెత్తింది. పిన్నిగారు నిమ్మకాయని పట్టుకుని, దిష్టి బాగా దిగాలని ఇంకాస్త లోపలికి గుచ్చారు. నేను కుర్చీ చేతులు పట్టుకుని నవ్వుతూ కూర్చున్నాను. ఆ నవ్వు దవడల్లో నొప్పిగా చాలాసేపు ఉండిపోయింది.

పేరంటాళ్లు వెళ్లిన కాసేపటికి అమ్మాయి వచ్చింది. చెప్పులు విప్పుతూ ముందు ఫ్రిజ్ మీదకి చూసింది. గుడ్డ లేదు. నా మొహం చూసింది. తర్వాత పీట చూసింది.

మా అమ్మాయి నోరు నాకంటే పెద్దది. తన కత్తి మీద నీటిబొట్టు చూస్తే ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తుంది. నేను కళ్లు మూసుకున్నాను.

"నీవి కూడా పెట్టానే ఈసారి," అంది మా ఆవిడ. "అందరికీ చెప్పాను నీవేనని. పిన్నిగారైతే వాళ్ల కోడలికి నేర్పమంటున్నారు."

ఎంతకీ అరుపు వినపడలేదు. కళ్లు తెరిచాను. అమ్మాయి పీట ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉంది. నా టూల్‌బాక్సు పక్కన తన కత్తులు చూస్తోంది.

"అందరికీ అంటే... వంట అని చెప్పావా?"

"మరేమని చెప్పాలి?"

అమ్మాయి కుంకుమ తీసి బొట్టు పెట్టుకుంది. ఆవిడ గారెలు తేవడానికి లోపలికి వెళ్లగానే నేను వంగి, "ఇప్పుడు తుడిచేద్దామా? నేను వంటింటి గుమ్మం దగ్గర నిలబడతాను," అన్నాను.

"వద్దు నాన్నా."

"రేపు పదకొండుకి..."

"తెలుసు. ఉండనీ. రేపు అమ్మ తీశాకే తీద్దాం."

"అలా అయితే చెడిపోవూ?"

"చెడిపోతాయి," అంది, గారె కోసం చెయ్యి చాస్తూ.

మర్నాడు పొద్దున్నే మా ఆవిడ ఉద్వాసన చెప్పి, పీటని కాస్త కదిపి, కత్తులు కూతురికి ఇచ్చింది. అమ్మాయి వాటిని బాల్కనీలోకి తీసుకెళ్లి, నిమ్మకాయలు ఊడదీసి, తడిపిన సానరాయి ముందు పెట్టుకుంది. నాలుగు మొనలూ మసిబొగ్గుల్లా ఉన్నాయి. కలెక్టరు పదును వెంట చిన్న చిన్న గుంటలు. పసుపునీళ్లు పడ్డచోట ఎర్రటి తుప్పు. రాయి మీద రుద్దుతుంటే నల్లటి బురద దిగుతోంది.

మా ఆవిడ కాఫీ పట్టుకొచ్చి, గుమ్మంలో నిలబడిపోయింది. దిష్టి అంత నల్లగా ఉండదని ఆవిడకి తెలుసు.

"నిమ్మకాయ వల్లేనా?"

అమ్మాయి రుద్దుతూనే ఉంది. ఆవిడ నా వైపు తిరిగింది.

"నిన్న మీరు చెప్పింది నిజమేనా?"

నా జీవితంలో అన్నిటికంటే కష్టమైన ప్రశ్న అదే. అవునంటే ఆవిడకి దెబ్బ. కాదంటే ఎలాగూ నమ్మదు. తల ఊపాను. ఎటు ఊపానో నాకే తెలియదు.

ఆవిడ కాఫీ గట్టు మీద పెట్టి, అమ్మాయి పక్కన చతికిలబడి, మగ్గు అందుకుంది. "నీళ్లు ఎప్పుడు పొయ్యాలి?"

"రాయి ఆరినప్పుడు. కొంచెం కొంచెంగా."

అలా ఇద్దరూ చాలాసేపు ఆ పనిలో ఉన్నారు. కలెక్టరు మొన మాత్రం దక్కలేదు. గుంటలు పడ్డ మేరకి అరగదీసేయాల్సి వచ్చింది. సన్నటి వెదురాకు చివర ఎవరో కొరికినట్టయింది. టీచరుకి మొన లేక నిమ్మకాయ గుచ్చలేదు కాబట్టి, చింతపండు మరకలు తప్ప దానికేమీ కాలేదు. అమ్మాయి ఐదూ చుట్టుకుని, టైమైపోతోందని టిఫిన్ కూడా తినకుండా వెళ్లిపోయింది. మా ఆవిడ ఆ పూట పీట వైపు చూడలేదు. నేను షాపు తెరవలేదు. ఇద్దరం టీవీ పెట్టుకుని, అందులో ఏం వస్తోందో చూడకుండా కూర్చున్నాం.

సాయంత్రం అమ్మాయి వచ్చి సంచి బల్ల మీద పెట్టింది.

"చేప వేరేవాళ్లకిచ్చారు. మొన అరిగిన కలెక్టరుతో చివరి పొర చిరిగింది. పెద్ద చెఫ్ చూసి పెదవి విరిచాడు."

మా ఆవిడ చీర కుచ్చెళ్లు సర్దుకుంటూ కిందికి చూసింది.

"కానీ ముల్లంగీ కీరా కోయమన్నాడు. టీచరుతో కోశాను. కూరగాయల పని నాకిచ్చారు. అదే విభాగంలో. చేపకి మూణ్ణెల్లాగి మళ్లీ చూస్తారట. ఉల్లిపాయల బస్తాలు మాత్రం వదిలాయి."

"మూణ్ణెల్లా?" అంది మా ఆవిడ. "ఆ లోపల నువ్వేం చెయ్యాలి?"

"కోస్తూ ఉండాలి. రోజూ. చేతికి అలవాటవ్వాలి."

ఆ ఆదివారం మా ఆవిడ నన్ను చేపల మార్కెట్‌కి తీసుకెళ్లింది. నాలుగు కిలోల శీలావతి తూయించింది. కత్తి ముందు కూర్చున్నావిడ పొలుసు గీయబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు, కోయద్దు. మా అమ్మాయి కోస్తుంది."

"ఇంట్లో ఏం కోస్తారమ్మా ఇంత చేపని?"

"హోటల్లో వంట చేస్తుంది మా అమ్మాయి. దాని దగ్గర జపాన్ కత్తులున్నాయి," అని పక్క కొట్టువాళ్లకి కూడా వినపడేలా చెప్పింది.

అప్పటినుంచి మా ఇంట్లో రోజూ చేపే. అమ్మాయి కలెక్టరుకి కొత్త మొన తీర్చుకుని, ముళ్లు తప్పించి, పొర అవతల నుంచి వెలుగు కనపడేంత పల్చగా తీస్తుంది. మా ఆవిడ వాటిని పచ్చిగా తిననివ్వదు. పులుసులో వేసేస్తుంది. అంత పల్చటి పొరలు పులుసులో పడగానే కరిగి మాయమైపోతాయి. పొద్దునా సాయంత్రమూ నేను చింతపండు పులుసు కలుపుకుని, చేప ఎక్కడుందో వెతుక్కుంటూ తింటున్నాను. బయట తింటానంటే ఇద్దరూ ఒకేసారి తలెత్తి చూస్తారు. "ఎలా ఉంది?" అని ఒకరు, "పల్చగా వచ్చిందా?" అని ఒకరు. బాగుందంటే రేపూ ఇదే. బాగాలేదంటే బాగా వచ్చేదాకా ఇదే.